పంటి మొలకలో నీలిరంగు

ఏమండీ, మీరు పోయి నేటికి ఆరేళ్లు. గల్ఫులో, నయీమ్ అనే పేటలో, అబ్బాయి ఫ్లాట్‌లో కూర్చుని ఇది రాస్తున్నాను. మీరెలాగూ చదవరు. ఉన్నప్పుడు మాత్రం నా ఉత్తరాలు చదివి మురిసిపోయారా ఏమిటి.

మన మనవరాలు సుజాత పరిశోధన వ్యాసం అచ్చయింది. హైదరాబాదు నుంచి సెలవులకొస్తూ పట్టుకొచ్చింది. కణాలకు కబురందించే ఒక ఎంజైము, తల్లి కడుపులోని ఎలుక పిల్లలో ఏ రోజున ఎక్కడ తయారవుతుందో చూడడం సుజాత పని.

"పిండాన్ని పల్చగా కోసి రంగు వేస్తాం మామ్మా. ఎంజైము తయారయ్యే చోట నీలంగా కనిపిస్తుంది" అంది.

మెదడులోనే ఉంటుందని అందరూ అనుకున్నారు. మన పిల్లకు పంటి మొలకల్లోనూ కనిపించింది. "రంగు ఊరికే అంటుకుని ఉంటుంది, అది వదిలేసి రాయి" అన్నారట గైడుగారు. ఇది వినలేదు. మళ్లీ మళ్లీ చేసి ఏడాది పోగొట్టుకుంది. ప్రతిసారీ అక్కడే నీలం. చివరికి ఆయనే ఒప్పుకుని వ్యాసం మీద దీని పేరే ముందు వేశారు.

"ఎలుకకు పళ్లొస్తే మనకేమొచ్చిందే?" అన్నాడు మీ సుపుత్రుడు, ఊరవతల హిద్‌లో డ్యూటీ దిగొచ్చి.

"నీకు జ్ఞానదంతాలు ఎప్పుడొస్తాయో కూడా అదే చెబుతుందిలేరా" అన్నాను.

మీరు కాలేజీలో జువాలజీ చెప్పే రోజుల్లో పిల్లలంతా పుస్తకంలో బొమ్మనే రికార్డులోకి దించేవాళ్లు. లెక్చరర్లలో మీరొక్కరే "మైక్రోస్కోపులో కనిపించిందే గీయండి" అని వాళ్ల ప్రాణం తీసేవారు. బొమ్మ పుస్తకంలోలా లేదని వాళ్లకు మార్కులు పోయేవి, మీకు తిట్లు పడేవి. ఆ తిట్లలో సగం నావే.

ఆ సగం ఇవాళ వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా విషయాల్లో తిట్టినవి మాత్రం అలాగే ఉంచుకోండి.