కనకవల్లి లాగిన్

జూన్ 9, సోమవారం

మూడేళ్లలో మూడు ఉద్యోగాలు మారానని ఇంట్లో నాకు నిలకడ లేని పిల్లని పేరు. నిన్న అత్త వస్తే అమ్మ నా ముందే, దీనిది కాలుగాలిన పిల్లి వాటం, ఆడ ఆర్నెల్లు ఈడ ఆర్నెల్లు అంది. నేర్చుకోవడానికి ఏమీ మిగలని చోట నాకు ఊపిరాడదని ఎన్నిసార్లు చెప్పినా నాన్నకు అది పొగరుగానే వినిపిస్తుంది. అందుకే మళ్లీ వెతుకుతున్నానని ఎవరికీ చెప్పలేదు.

జూన్ 10

పురసవాక్కంలోని మా చీరల హోల్‌సేల్ ఆఫీసులో ముప్పై రెండు కంప్యూటర్లు. ఇవాళ్టి నుంచి అన్నీ ఒకే సర్వర్ గుండా ఇంటర్నెట్‌లోకి వెళ్లాలి. ఎవరు ఏ సైటు తెరిచారో పేరుతో, నిమిషంతో సహా దాని లాగ్‌లో పడుతుంది. ఇక్కడ కంప్యూటర్లన్నీ చూసుకునేది నేనే, ఆ సర్వర్ పెట్టిందీ నేనే. అందరికీ లాగిన్లు ఇచ్చాను. బిల్లింగ్‌లో ఉండే కనకవల్లి అక్కకు పాస్‌వర్డ్ కూడా నేనే పెట్టాను. నాకెందుకు పాపా ఇవంతా, నువ్వే గుర్తు పెట్టుకో, మర్చిపోతే నిన్నే అడుగుతా అంది.

జూన్ 12, మధ్యాహ్నం 1.20

జాబ్ సైట్లు నా లాగిన్‌తో తెరిస్తే నా పేరు పడుతుంది. అక్క లాగిన్‌తో తెరిచాను. లాగ్ చూసేది నేనొక్కదాన్నే కదా.

జూన్ 13

మళ్లీ తెరిచాను.

జూన్ 30

మేనేజర్ విజయకుమార్ సార్ నెల మొత్తం రిపోర్ట్ అడిగారు. జాబ్ సైట్ల పక్కన కనకవల్లి, కనకవల్లి. పద్నాలుగు సార్లు. ఆ వరసలు తీసేయడం రెండు నిమిషాల పని. తీయలేదు. లాగ్‌ని దిద్దకూడదని కాలేజీలో నేర్పారు. లాగ్ దిద్దడం నాకు తప్పనిపించింది. నా పనికి ఇంకో మనిషి పేరు పడ్డ ఆ లాగ్‌ని ఇవ్వడం మాత్రం తప్పనిపించలేదు. ప్రింట్ తీసి ఇచ్చాను.

జూలై 2, బుధవారం

అక్కను లోపలికి పిలిచారు. తలుపు సగమే మూశారు. నేను తెరవలేదు సార్ అని రెండుసార్లు అంది. సార్ కాగితం చూపించి, సర్వర్ అబద్ధం చెప్తుందామ్మా అన్నారు. అక్క కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చదివింది. కంప్యూటరే చెప్తా ఉంటే నేను లేదని ఎట్టంటాను, తెలీకుండా ఏడన్నా నొక్కేసినానేమో, మన్నించండి సార్ అంది.

పందొమ్మిదేళ్ల సర్వీసు. ఆఫీసులో కూర్చుని వేరే ఉద్యోగం వెతికిందని, సోమవారం నుంచి ఊరి చివరున్న మాధవరం గోడౌన్‌కి పొమ్మన్నారు. అక్క ఇల్లు మైలాపూరు. భర్తకు చూపు లేదు. పగలు ఆయన్ని చూసుకునే మనిషి ఆరున్నరకల్లా వెళ్లిపోతుంది. మాధవరం నుంచి ఆరున్నరకు ఇల్లు చేరడం అయ్యే పని కాదు.

జూలై 3

భోజనాల దగ్గర అక్క నా పక్కనే కూర్చుంది. తన డబ్బాలోంచి సగం వంకాయ కూర నాకు వేసింది. నాకు చేత కాలేదు పాపా, నువ్వు కష్టపడి పెట్టిందాన్ని నేనే చెడగొట్టినా, నీ మీద సారు కోపం పడలేదు కదా అంది.

ఇంట్లో మాట్లాడకుండా కూర్చున్నాను. ఇప్పటికి కుదురొచ్చింది దీనికి అని అమ్మ నాన్నతో సంతోషంగా చెప్పింది.

జూలై 4, ఉదయం 7.10

కొత్త కంపెనీ నుంచి మెయిల్. సెలెక్టయ్యాను. జాయినయ్యే ముందు ఇక్కడి మేనేజర్‌తో ఒకసారి మాట్లాడతారట. సార్ నా గురించి మంచిగానే చెప్తారు. నెల తిరిగేసరికి నేనిక్కడ ఉండను. అక్క మాధవరంలో ఉంటుంది, తానే ఏదో నొక్కానని నమ్ముతూ.

ఉదయం 9.40

పది గంటలకు విజయకుమార్ సార్ గదికి వెళ్తున్నాను. అక్కనూ వెంట తీసుకెళ్తాను. ఆ పద్నాలుగు సార్లూ తెరిచింది నేనేనని ఆవిడ ముందే చెప్తాను.