నాన్నకు బొండాం నీళ్లు

వజ్రపుకొత్తూరు,
ఆగస్టు 2001

ప్రియమైన తమ్ముడు ఫిన్నీకి,

మన రక్షకుని పేరట కెజియా అక్క దీవించి రాయునది. అమ్మా, మీ బావా, నేనూ క్షేమం. నాన్న కూడా బతికి బాగున్నాడు. బతికి అని ఎందుకు రాశానో కింద రాస్తాను, ముందే కంగారు పడకు.

పోర్టుబ్లెయిరులో వానలు తగ్గాయా? నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. నాన్నకు పక్షవాతం వచ్చిన కుడిచెయ్యి ఇంకా లేవడం లేదు. మాట ముద్దగా వస్తోంది. జీడితోటలో కలుపు తీయించాం. ఇక ప్రతి ఉత్తరంలోనూ అడిగేదే మళ్లీ అడిగావు, నాన్నకు రోజూ బొండాం నీళ్లు పడుతున్నారా అని.

పట్టాంరా. నువ్వు రాసినట్టే పట్టాం. చూడ్డానికొచ్చినవాళ్లు కూడా చలవ చేస్తుందని తలో బొండాం తెచ్చారు, మన ఉద్దానంలో బొండాలకేం కరువు! వరహాలమ్మ పెద్దమ్మ అయితే నాన్న గడ్డం పైకెత్తి, మనం చెంబు ఎత్తి తాగుతామే, అలా ధారగా పోసేది. “ఫిన్నీ సెప్పినాడు, తాగు” అంటే చాలు, నాన్న నోరు తెరిచేవాడు. ఒక్కసారైనా పొలమారలేదు, దగ్గలేదు. ఎంత హాయిగా తాగుతున్నాడో అని మురిసిపోయాం.

మొన్న ఫోనులో నీకు మామూలు జ్వరమని చెప్పాను. అబద్ధం చెప్పాను. ఊపిరి అందక డొక్కలు ఎగరేస్తుంటే టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, ఏం తాగిస్తున్నారని అడిగింది. అమ్మ గొప్పగా చెప్పింది, బొండాం నీళ్లని.

“ఆ నీళ్లే ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయమ్మా. చేతితోపాటు గొంతు కూడా చచ్చుబడింది. దగ్గు రాలేదంటే బాగా మింగుతున్నట్టు కాదు, నీళ్లు దారి తప్పాయని ఆయన గొంతుకే తెలియడం లేదు” అంది డాక్టరమ్మ.

అమ్మ గోడకు చేరబడిపోయి, “మన సేతుల్తోనే ముంచీసినామేటే?” అంది. నట్టింట్లో, మంచం మీద, మేం పోస్తుంటే నాన్న మునిగిపోతున్నాడురా! నీకు చెబితే అంత దూరాన ఒక్కడివీ కూర్చుని నిన్ను నువ్వు తిట్టుకుంటావని దాచాను. తిట్టుకోకు. తెలిస్తే ఎవరం పోస్తాం?

సూదులు వేశాక జ్వరం దిగింది. ఇప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి దించి, చిక్కటి జావే చెంచాతో కొంచెం కొంచెంగా పెడుతున్నాం. మింగిన ప్రతిసారీ మాట్లాడించాలట. గొంతు గరగరలాడితే ఆపెయ్యాలి. పెద్దమ్మ మళ్లీ బొండాంతో వస్తే అమ్మ గుమ్మంలోనే ఆపేసింది. ఆవిడ అలిగి, బొండాం అరుగు మీద పడేసి వెళ్లిపోయింది. అలగనీ.

నిన్న అమ్మ, డాక్టరమ్మనడిగి, ఆ బొండాంలోని లేత కొబ్బరి వెన్నలా రుబ్బి అర చెంచా పెట్టింది. నాన్న మింగాడు. మేమిద్దరం ఆయన గొంతు వైపే చూస్తున్నాం.

“ఒక మాట సెప్పయ్యా” అంది అమ్మ.

నాన్న నా వైపు చూశాడు. గరగర లేకుండా, “ఫిన్నీ సెప్పినాడా?” అన్నాడు.

అవునన్నానురా. అందుకే ఈసారి ఉత్తరంలో నీళ్లు అని రాయకు, కొబ్బరి ముద్ద పెట్టమని రాయి. నాన్నకు చదివి వినిపించాలి.

ఇట్లు,
నీ జాబు కోసం వీధివైపే చూస్తుండే
నీ అక్క కెజియా