రంగు వేయని చుక్క

మిర్యాలగూడ,
9 అక్టోబరు 1949

శ్రీవారికి కమల నమస్కరించి రాస్తున్న జాబు.

ముందు అత్తయ్య చెప్పే మాటలు. ఆమె పక్కనే పీట వేసుకుని నా కలం వంకే చూస్తోంది. చదువు రాకపోయినా, చెప్పినదంతా రాశానో లేదో అని వరసలు లెక్కపెడుతుంది.

"కొడుకా ఉప్పలయ్యా, నీ పెండ్లయి ఏడేండ్లాయె. ఇంట్ల పిల్లల సప్పుడు లేదు. కమల మంచిదే, కాదనను. గొడ్రాలాయె, ఏం జేస్తం? కోదాడల పార్వతి అని ఓ పిల్లున్నది. ఒక్కపారి వచ్చి సూసిపో. నువ్వు రెండొద్దులు లేకుంటె సూర్యాపేట దవాఖాన ఏం కూలిపోదు."

గొడ్రాలు అన్న మాట దగ్గర ఆగి "రాసినవానే?" అని అడిగింది. రాశానన్నాను. నా మీద మాట నా చేత్తోనే రాయించడం ఆమెకు తప్పుగా తోచలేదు. ఇంట్లో అక్షరం ముక్క వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కదా మరి!

ఇప్పుడు ఆమె దొడ్లోకి వెళ్లింది. నా మాటలు నాలుగు రాస్తాను. పిల్లలు కలుగుతారని శ్రావణంలో అత్తయ్య నా బొడ్డు చుట్టూ పెట్టించిన వాతలు మానాయి. పసరు మందు ఇంకా తాగిస్తూనే ఉంది. మీరు ఉగాదికి వచ్చి వెళ్లినవారు మళ్లీ గడప తొక్కలేదు. ఆ పిల్ల మీకు ఇష్టమైతే నేను అడ్డుపడను. కానీ ఆ మాట మీరే చెప్పాలి. జవాబు అత్తయ్యకు చదివి వినిపించాలి, చూసుకుని రాయండి.

మీ కమల

సూర్యాపేట,
16 అక్టోబరు 1949

ప్రియమైన కమలకు,

అమ్మకు నా దండాలు చెప్పు. ఇక్కడ రక్తవిరేచనాలు ఎక్కువగా ఉన్నాయి, సెలవు దొరకడం లేదు. నేనూ ఊరికే కూర్చోలేదు, మైక్రోస్కోపు దగ్గరి పనంతా ఇప్పుడు నాదే.

మొన్న వేసవిలో గుంటూరు నుంచి వచ్చిన డాక్టరుగారు పని తీరే మార్చేశారు. ఇదివరకు ఏ నమూనా వచ్చినా గాజు పలక మీద ఆరబెట్టి, రంగు వేసి, కడిగి చూసేవాళ్లం. ఆయన ఒకటే మాట అంటారు: "రంగు వేశామంటే శవాల్ని చూసినట్టే ఉప్పలయ్యా. కొన్నిటిని బతికుండగానే చూడాలి." వేడి తగ్గకముందే చుక్క పలక మీద పెట్టి, పైన సన్నని గాజు బిళ్ల మూసి, వెలుతురు బాగా తగ్గించి చూస్తాం. రంగేమీ ఉండదు. ముందు ఉత్త నీళ్లలా కనిపిస్తుంది. కాసేపు ఓపిక పడితే ఈ విరేచనాలు తెచ్చే జిగురులాంటి పురుగొకటి మెల్లగా కాలు చాచుతుంది. మొదటిసారి చూసిన రోజు అన్నం తినడం కూడా మరిచిపోయాను.

చెప్పుకోవడానికి గదిలో ఎవరూ లేరు. కిరాయి గది, ఒక కుండ, ఒక చాప, నేను. నువ్వు ఉంటే బాగుండును అనిపిస్తుంది. పెళ్లి సంగతి తర్వాత రాస్తాను.

నీ ఉప్పలయ్య

మిర్యాలగూడ,
2 నవంబరు 1949

శ్రీవారికి,

మీ జాబు చదివి వినిపించాను. "గీ పురుగుల ముచ్చట నాకెందుకే? పెండ్లికి ఏమన్నడు?" అంది అత్తయ్య. ఏమీ అనలేదన్నాను. "ఊకున్నడంటె ఒప్పుకున్నట్టే" అని కోదాడకు కబురు పెట్టింది. ఈ నెల పద్దెనిమిది, శుక్రవారం నాడు వాళ్లు తాంబూలాలకు వస్తున్నారు. ఇల్లు అలకమని నాకే చెప్పింది.

కమల

సూర్యాపేట,
10 నవంబరు 1949

అమ్మకు దండాలు.

కమలా, ఇది అమ్మకు రాస్తున్నాను. ఒక్క మాట వదలకుండా చదివి వినిపించు.

అమ్మా, తాంబూలాలు ఆపు. లోపం కమలలో లేదు, నాలో ఉంది. జ్యేష్ఠంలో డాక్టరుగారు చెప్పినట్టు నా బీజం నేనే పరీక్ష చేసుకున్నాను. మొదట రంగు వేసి చూస్తే బీజకణాలేవీ కనబడలేదు. కడిగేటప్పుడు కొట్టుకుపోయాయేమో అనుకుని రంగు లేకుండా చూశాను. చల్లబడితే కదలవేమోనని పలకను అరచేతిలో వెచ్చగా పట్టుకుని చూశాను. పిల్లలు కలిగినవాళ్ల చుక్కలో చేపపిల్లల్లా గిలగిల ఈదుతాయి. నా చుక్క ఖాళీ. వారానికొకసారి చొప్పున మూడుసార్లు చూశాను, డాక్టరుగారూ చూశారు. ఎవరిని తెచ్చి కట్టబెట్టినా నాకు పిల్లలు పుట్టరు.

సిగ్గుపడి ఇంతకాలం దాచాను. ఇంటికి రానిదీ అందుకే.

ఉప్పలయ్య

మిర్యాలగూడ,
13 నవంబరు 1949

ప్రియమైన మీకు,

జాబు దండాల దాకా గట్టిగానే చదివాను. "నాలో ఉంది" అన్న మాట ముందే కంటపడింది, ఆపి దగ్గాను. "ఏమైందే?" అంది అత్తయ్య. పడిశం అన్నాను. "గురువారం వస్తారట" అని చదివేసి మడిచాను. మీరు రాయని మాట చదవడం ఇదే మొదటిసారి.

ఎందుకు చదవలేదంటారా? నేను చదివితే ఆమె నమ్ముతుందా? "పెండ్లి ఆపనీకి నువ్వే అల్లినవ్" అంటుంది. ఆమెకు ఆ కాగితం మీద గీతలే కనిపిస్తాయి, మాటలన్నీ నా నోట్లోంచే వస్తాయి. ఈ సంగతి మీకు తట్టనే లేదా?

ఇంకొకటి. మీరు చూసింది జ్యేష్ఠంలో. నాకు వాతలు పెట్టించింది శ్రావణంలో. మధ్యలో రెండు నెలలు. ఒక కార్డు ముక్క రాసి ఉంటే నా ఒళ్లు కాలేది కాదు. పిల్లలు లేరన్న బాధ నాకుంది, లేదనను. ఆ బాధ ఇద్దరం కలిసి పడేవాళ్లం. మీరు అక్కడ ఒంటరిగా పడ్డారు, నన్ను ఇక్కడ ఒంటరిగా వదిలేశారు. నిన్నంతా ఏడ్చాను. మీ మీద కోపంతో సగం, ఆ గదిలో మీరొక్కరే ఆ చుక్క చూసుకుంటూ కూర్చున్నారని సగం.

గురువారం సాయంత్రం బస్సుకు రండి. మీ అమ్మకు మీ నోటితో చెప్పండి. చెప్పేటప్పుడు మీ పక్కనే కూర్చుంటాను, ఆమె ఏమన్నా కలిసే పడదాం.

రాకపోతే శుక్రవారం తెల్లవారగానే నేనే కోదాడ వెళ్తాను. వాళ్లు బయలుదేరకముందే మీ జాబు ఆ పార్వతికి చదివి వినిపిస్తాను. నా ఒంటి మీద మచ్చలు కూడా చూపిస్తాను. ఆమె నమ్ముతుంది.

కమల