గోడ మంట

సిద్దికా గారికి,

మనం ఒకరినొకరు చూసుకోలేదు. మీరు ఊళ్లు తిరిగి ఇళ్లు కొలిచి ఫొటోలు పంపుతారు. నేను గుంటూరు బ్రాడీపేటలో ఫ్యాను కింద కూర్చుని, వాటిని చూసి బ్యాంకుకి విలువ కడతాను.

ఇది వెంకయ్య గారి ఇంటి సంగతి. బోరు వేయించుకోవడానికి ఆయన ఆ ఇల్లు తాకట్టు పెడుతున్నారు. మీ పన్నెండో ఫొటోలో వెనక గది గోడ నడుమెత్తు దాకా ఎర్రగా ఉంది. చెమ్మ ఎక్కి, సున్నం రాలి, ఇటుక బయటపడిందనుకున్నాను. విలువలో మూడో వంతు కోసేశాను. సంతకం పెట్టబోతూ, ఫారం అడుగున మీరు రాసిన నాలుగు మాటలు చూశాను.

“చెమ్మ మీటరు పెడితే గోడ పొడిగానే ఉందండి. అయినా అనుమానం తీరక ఆ ఎరుపుని వేలితో రాసి నాలిక మీద పెట్టుకున్నాను. మంటకి రెండు చెంబుల నీళ్లు తాగాను. ఏటా మిర్చి టిక్కీ బస్తాలు ఆనించే గోడంట.”

ఎన్నిసార్లు చదివానో! ఇరవై ఆరేళ్లలో నేను ఏ గోడనీ అలా అడగలేదండి. ఫారంలో దానికి గడి కూడా లేదు.

కోసిందంతా తిరిగి కలిపాను. ముందు కోసిన సంగతి వెంకయ్య గారికి మాత్రం చెప్పొద్దు.

మాదీ మిర్చి ఇల్లే. చిన్నప్పుడు ఆ బస్తాల మీదే పడుకునేవాణ్ణి. వీపు మండితే అమ్మ నూనె రాసేది. ఆ గోడని గుర్తుపట్టాల్సింది నేను.

ఈసారి వెళ్లేటప్పుడు నన్నూ తీసుకెళ్తారా? టేపు రెండో కొస పట్టుకుంటాను.

ఇట్లు,
ఫ్యాను కింద మనిషి