ఆడపులి గొంతు

మార్చి 4

పులుల సినిమాకి డబ్బింగ్ మొదలైంది. మగపులికి మా ఆయన గొంతు, ఆడపులికి నాది. నిజం మొగుడూ పెళ్లాలైతే ప్రేమ సీన్లు బాగా పండుతాయని డైరెక్టర్ ఐడియా. మైకు ముందు ఆయన గొంతులో తేనె కారుతుంది. ఒక్కోసారి నాకే నమ్మాలనిపిస్తుంది. ఛీ, సిగ్గులేని మనసు.

మార్చి 7

మూడో టేక్‌లో డైలాగు మింగేశానట. అందరి ముందు ఆయన పరువు తీశానట. ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే డొక్కలో తన్నాడు. గోడలు అదిరేలా అరిచాను. ఒక్కరూ రాలేదు.

మార్చి 8, ఉదయం 9

మెట్ల దగ్గర పక్కింటి అక్క ఎదురైంది. నిన్న ఇంట్లో మా డబ్బింగ్ ప్రాక్టీసు అదిరిపోయిందట. వాళ్లాయన టీవీ కట్టేసి మరీ విన్నాడట. ఆ పులులు అంతలా ఎందుకు కొట్టుకుంటున్నాయని అడిగింది. రిలీజయ్యాక చూద్దురుగాని అన్నాను. పైగా నవ్వాను. ఎందుకు నవ్వానో, నా మొహం.

మార్చి 13

ఇవాళ ప్రేమ సీను. ఏటి ఒడ్డున రెండు పులులూ తలలు ఆనించుకుని కూర్చుంటాయి. నువ్వు లేని అడవి నాకెందుకని మగపులి అంటుంది. అద్దం అవతల రికార్డిస్టు కళ్లు తుడుచుకున్నాడు. అతనికి కనబడకుండా ఆయన నా చిటికెన వేలు వెనక్కి విరుస్తున్నాడు. నా గొంతు వణికింది. భలే ఫీలుందని డైరెక్టర్ ఓకే చేసేశాడు.

మార్చి 14

వేలు విరిగింది. తలుపు సందులో పడిందని డాక్టర్‌కి చెప్పాను.

మార్చి 20, ఉదయం 11

నిన్న సాయంత్రం, ఇక విడిగా ఉంటానన్నాను. హెడ్‌ఫోన్ వైరు మెడకి చుట్టి బిగించాడు. గోడ అవతల అక్కావాళ్ల టీవీ చప్పుడు ఆగిపోయింది. హాయిగా కూర్చుని వింటున్నారు! చావు భయం కంటే ముందు వాళ్ల మీద ఒళ్లు మండింది. ఆయన చెయ్యి దొరికితే ఎముక తగిలేదాకా కొరికాను. వైరు వదులైంది. ఈసారి ఊరికే అరవలేదు. అక్కా, ఇది సినిమా కాదు, నన్ను చంపేస్తున్నాడు, తలుపు పగలగొట్టండి అని అరిచాను.

పగలగొట్టారు. వాళ్లాయన ఈయన్ని కింద పడేసి గుండెల మీద కూర్చున్నాడు. నా నోటి నిండా రక్తం, అంతా ఆయనదే. అక్క నా మెడ చూసి, ఇన్నాళ్లూ సినిమా అనుకున్నామే అని ఒకటే ఏడుపు. పోలీసులు ఆయన్ని తీసుకెళ్లారు. మళ్లీ ఏదైనా అయితే గోడ మీద మూడుసార్లు కొట్టమంది అక్క.

ఏప్రిల్ 2, మధ్యాహ్నం 3

బెయిలొచ్చినట్టుంది. తలుపు అవతల నిలబడి ఉన్నాడు. నువ్వు లేని అడవి నాకెందుకు అంటున్నాడు. మగపులి గొంతు, అదే తేనె. దీని తర్వాత డైలాగు నాది. గోడ మీద మూడుసార్లు కొట్టాను. అక్కావాళ్ల తలుపు తెరుచుకుంది.