నలభై ఆరు రూపాయల అపరాధం

శాఖా గ్రంథాలయం,
సెప్టెంబరు 14.

శ్రీ జ్ఞానప్రకాశం గారికి నమస్కారములు.

తమరు తీసుకున్న ‘లాకుల కాడి పిల్ల’ నవల గడువు జూన్ 14తో ముగిసినది. నేటికి అపరాధ రుసుము నలభై ఆరు రూపాయలు. పదిహేను రోజుల్లో పుస్తకమూ, రుసుమూ అందనిచో తమరి పేరు నోటీసు బోర్డులో ఉంచబడును.

ఇట్లు,
శ్రీదుర్గ, గ్రంథపాలకురాలు.

తా.క.: ఇది అచ్చు కాగితం. అందులో కోపం నాది కాదండి.

---

పేట,
సెప్టెంబరు 18.

లైబ్రరీ అమ్మాయి గారికి, జ్ఞానప్రకాశం గారి భార్య సంపూర్ణమ్మ ప్రభువు పేర వందనాలు చెప్పి రాయునది.

ఆయన జూన్ రెండో తారీకున ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. ముప్పై ఏళ్ళు ఈ పేటకి పెద్దగా ఉన్నారు. ఎవరు గట్టు జరిపినా, ఎవరు తాగి కొట్టుకున్నా తప్పు వేసి డబ్బు కట్టించింది ఆయనే. ఆయన మీద ఒక్కరూ తప్పు వేసింది లేదు. అలాంటి మనిషి పేరు పక్కన అపరాధం అని రాస్తారా? దొంగతనం చేసినవాడిక్కూడా మేం అంత మాట అనమండి. రుసుము కడతాను, అపరాధం మాత్రం కట్టను.

ఇట్లు,
సంపూర్ణమ్మ.

తా.క.: ఫోన్ చెయ్యకండి. ఫోన్లో మాట గాలికి పోతుంది.

---

శాఖా గ్రంథాలయం,
సెప్టెంబరు 22.

సంపూర్ణమ్మ గారికి నమస్కారాలు.

పెద్దాయన పోయిన సంగతి నాకు తెలియదండి, మన్నించండి. మీ మాట మీద ‘అపరాధ రుసుము’ అన్న మాట కొట్టేసి పెన్నుతో ‘జరిమానా’ అని రాశాను. ఇప్పుడు సరేనా?

ఇట్లు,
శ్రీదుర్గ.

తా.క.: బంగార్రాజు గారని ఒకాయన, పెద్దాయన తీసుకెళ్ళకముందు ఆ నవల సగం ఇక్కడ కూర్చుని చదివారు. ఆ పిల్ల పడవ ఎక్కిందా లేదా అని రోజూ వచ్చి అడుగుతున్నారు.

---

పేట,
సెప్టెంబరు 26.

అమ్మా శ్రీదుర్గా,

పెనం మీంచి పొయ్యిలో పడేశావు. జరిమానా అంటే హెల్మెట్ లేనివాడికి పోలీసులు రాసేది. ఈయన వంతెన మీద సైకిలు దిగి నడిచే మనిషి.

మా పేటలో పద్ధతి చెప్తాను విను. తప్పు కట్టినవాణ్ణి ఆ రోజే పెద్దలు పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తింటారు. చెయ్యి కడుక్కున్నాక ఆ సంగతి ఎవరూ ఎత్తకూడదు. అడక్కముందే ఒప్పుకున్నవాడికి సగమే. ఆయన అనేవారు, డబ్బు తీసుకుని అన్నం పెట్టకపోతే అది తప్పు కాదు, దోపిడీ అని. మీ కాగితంలో అన్నం ఎక్కడుంది?

ఇట్లు,
సంపూర్ణమ్మ.

తా.క.: బంగార్రాజుని ఓపిక పట్టమను.

---

శాఖా గ్రంథాలయం,
సెప్టెంబరు 30.

సంపూర్ణమ్మ గారికి,

పై ఆఫీసులో అడిగానండి. భోజనాలకి పద్దు లేదన్నారు. ఎవరి భోజనాలని ఎదురు ప్రశ్న వేస్తే ఫోన్ పెట్టేశాను. గడువైపోయింది, పేరు బోర్డు మీద పెట్టమంటున్నారు. నాకు చేతులు రావడం లేదు. ఆ నలభై ఆరూ రేపు నేనే కట్టేస్తాను. పుస్తకం తర్వాత పంపండి.

ఇట్లు,
శ్రీదుర్గ.

తా.క.: మనం ఉత్తరాలు రాసుకున్న రోజులకి రుసుము వెయ్యడం లేదు.

---

పేట,
అక్టోబరు 1.

అమ్మా శ్రీదుర్గా,

నిన్న సాయంత్రం నీ ఉత్తరం తెచ్చిచ్చిన ఆటో లోవరాజుతోనే ఈ ఉత్తరమూ పుస్తకమూ పంపుతున్నాను, నువ్వు డబ్బు కట్టేలోగా అందాలని. ఒకరి తప్పు ఇంకొకరు కడితే అది ఎప్పటికీ తీరదు.

సాయంత్రాలు ఆయన ఆ నవల పైకి చదివేవారు, నేను బియ్యం ఏరుకుంటూ వినేదాన్ని. నూట పన్నెండో పేజీ దగ్గర దగ్గొచ్చి ఆపారు. “గడువులోగా ఇచ్చెయ్యి సంపూర్ణం, మాటొస్తది” అన్నారు. అదే ఆఖరు. పన్నెండు రోజులు గడువుండగా నేనే ఇవ్వలేదు. ఆ పేజీ దాకా ఆయన గొంతు వినబడేది, తర్వాత ఏముందో చూడ్డానికి భయమేసింది. పుస్తకం ఇచ్చేస్తే ఆయన చదవడం అయిపోయినట్టే కదా. ఆ భయంతోనే మాటల మీద ఇన్ని రోజులు నీతో పోట్లాడాను.

ఆయన పేరు కొట్టేసి నా పేరు రాయి. ఏ మాటైనా సరే, అపరాధమనే ఉండనీ. అడిగాక ఒప్పుకున్నాను కాబట్టి సగం కాదు, మొత్తం నలభై ఆరూ పుస్తకంలో పెట్టాను. ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక రా. ఎండురొయ్యలు, గోంగూర. పక్కన కూర్చుని తిను.

ఇట్లు,
తప్పు చేసిన సంపూర్ణమ్మ.

తా.క.: రాత్రి మిగతాది నేనే చదివేశాను, పైకే. ఆ పిల్ల పడవ ఎక్కిందో లేదో నేను చెప్పను. బంగార్రాజుకి పుస్తకం ఇయ్యి, గడువు మాత్రం గట్టిగా చెప్పు.