అవతలి ఒడ్డు కేక

సూరమ్మా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. చదవడం నీకు అప్పుడూ రాదు గనక, ఇప్పుడు రాసినా ఒకటేలే అని కూర్చున్నాను.

మన దిండి రేవుకి మోటారు లాంచీ వచ్చింది. మా తాతనాటి నుంచీ కేకేస్తే పడవ వెళ్ళే రేవు ఇది. ఇప్పుడు గంట కొడితే మనుషులే పరిగెత్తుతున్నారు. నా పడవ గట్టుమీద బోర్లించేసేను.

ఇవాళ ఆఖరి లాంచీ వెళ్ళిపోయేక అవతలి ఒడ్డు నుంచి కేక వినబడింది. నువ్వైతే పొయ్యి దగ్గర్నుంచే చెప్పేసేదానివి, "పెళ్ళివారు, నిదానంగా వెళ్ళండి" అనో, "పురిటి కబురు, కంచం వదిలేసి లేవండి" అనో. ఒక్కసారీ తప్పలేదు. నాకేమో అన్ని కేకలూ ఒక్కలాగే ఉండేవి. ఇవాళా అంతే. ఎందుకైనా మంచిదని పడవ నీళ్ళలోకి తోసి, రొప్పుకుంటూ గెడ వేసేను.

తీరా చూస్తే మీ తమ్ముడు. నీ సంవత్సరీకానికని అరటిగెల భుజానేసుకుని నిలబడ్డాడు.

"ఇంత ఆయాసపడుతున్నారేంటి బావగారూ? నా గొంతు పోల్చుకోలేదాండీ?" అన్నాడు.

"మీ అక్క చెప్పలేదురా" అన్నాను.

వాడు గెల పడవలో దించేడు. గెడ నా చేతిలోంచి తీసుకున్నాడు.

పడవ మళ్ళీ బోర్లించలేదు, రేవులోనే కట్టేసేను. ఏ కేక దేనికో నాకు తెలీదు గదా. ఇక అన్నిటికీ పురిటి కబురుకి వెళ్ళినట్టే వెళ్తాను.